కుండీలో తీగ, దీపం ఆకారపు పందిరి

అసగావో జపాన్ పట్టణాల్లో ఇళ్ల ముంగిట పెరిగే కుండీ తీగ. జపాన్ భాషలో ‘అస’ అంటే ఉదయం, ‘కావో’ అంటే ముఖం. తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోయే పువ్వు కాబట్టి ఆ పేరు వచ్చింది. వృక్షశాస్త్రంలో దీన్ని ఐపోమియా నిల్ అంటారు. తెలుగువాళ్ల పెరళ్లలో దడుల మీద ఎర్రగా పూసే కాశీరత్నం కూడా ఐపోమియా ప్రజాతిదే. కాశీరత్నం దొరికిన దడినో కంపనో పట్టుకుని తనంత తాను పాకిపోతుంది. అసగావోకు మాత్రం జానెడు వెడల్పైనా లేని కుండీలోనే సొంత పందిరి కడతారు. కుండీ అంచున మూడో నాలుగో వెదురు పుల్లలు నిలబెట్టి, సన్నని వెదురు బద్దలను వలయాలుగా వంచి వాటికి బిగించి, ఆ చట్రం చుట్టూ తీగను కింది నుంచి పైకి తిప్పుతారు.

ఈ పద్ధతికి ‘అందోన్-జుకురి’ అని పేరు. వెదురు లేదా చెక్క చట్రానికి పల్చని కాగితం అతికించి లోపల నూనె దీపం పెట్టే పాతకాలపు దీపపు గూడే అందోన్. కాగితం ఊడదీసిన అందోన్‌లా కనిపిస్తుంది కాబట్టి కుండీ మీది పందిరికి ఆ పేరు స్థిరపడింది. సెంటు నేల కూడా లేనివాళ్లు తీగ మొక్కను ఎలా పెంచుకోగలిగారో ఈ చిన్న పందిరి చరిత్ర చెబుతుంది.

మందుగా వచ్చిన గింజ

అసగావో జపాన్‌లో పుట్టిన మొక్క కాదు. 8, 9 శతాబ్దాల ప్రాంతంలో చైనా నుంచి మందు మొక్కగా అక్కడికి చేరింది. దాని గింజలు తీవ్రమైన విరేచనాలు కలిగిస్తాయి. ‘కెంగోషి’ అనే పేరుతో అవి జపాన్ అధికారిక ఔషధ గ్రంథంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేరు రాసే అక్షరాలకు ‘పశువును పట్టి నడిపించడం’ అని అర్థం. ఈ గింజలతో జబ్బు నయమైన మనిషి కృతజ్ఞతగా తన పశువును తోలుకొచ్చి ఇచ్చాడన్న కథ ఒకటి ఈ పేరు వెనుక వినిపిస్తుంది. అవే అక్షరాలు శ్రవణ నక్షత్రానికీ పేరు. జులై 7న జరిగే తనబాత అనే నక్షత్రాల పండుగ కథలోని పశువుల కాపరి ఆ నక్షత్రమే. ఈ పేర్ల పొత్తు వల్ల అసగావో తర్వాతి కాలంలో తనబాత రోజుల పువ్వు అయింది.

మొదట్లో పూసింది నీలి పువ్వే. శతాబ్దాల పాటు అది మందుల కోసం, కొంత అందం కోసం పెరిగిన మామూలు తీగ. దాని దశ మారింది ఎడో నగరంలో, అంటే నేటి టోక్యోలో.

కాలిపోయిన వాడలో కొత్త పూలు

18వ శతాబ్దంలోనే ఎడో జనాభా 10 లక్షలు దాటింది. చెక్క ఇళ్లు కిక్కిరిసిన ఆ నగరంలో అగ్నిప్రమాదాలు తరచుగా జరిగేవి. 1806లో చెలరేగిన మంటల తర్వాత షితాయా వాడలో విశాలమైన ఖాళీ జాగాలు మిగిలాయి. ఒకాచిమాచి చుట్టుపక్కల తోటమాలులు ఆ జాగాల్లో రకరకాల వింత అసగావోలను పూయించారనీ, అక్కడి నుంచే నగరానికి వాటి మీద మోజు పుట్టిందనీ చెబుతారు. ఒకాచిమాచి అన్న పేరులోనే అక్కడ ఎవరు కాపురముండేవారో ఉంది. గుర్రమెక్కే హోదా లేక కాలినడకన కొలువు చేసే కింది తరగతి సమురాయ్‌లను ‘కాచి’ అనేవారు. కొలువు మీద వచ్చే రాబడి చాలని ఆ కుటుంబాలకు అసగావో పెంపకం ఒక పక్క సంపాదన అయింది.

ఈ మోజు రెండు వెల్లువలుగా వచ్చింది. మొదటిది 1804–1830 మధ్య, రెండోది 1848–1860 మధ్య. ఆకులు చీలినవి, రేకులు దారాల్లా సన్నబడినవి, పువ్వులోంచి మరో పువ్వు పొడుచుకొచ్చినవి పోటీలకు ఎక్కేవి. 1854లో ‘అసగావో సంజూరొక్కసెన్’ అనే చిత్రాల పుస్తకం ఎంపిక చేసిన 36 రకాలను రంగుల్లో చూపించింది. రెండో వెల్లువలో పేరుపడ్డ పెంపకందారు ఇరియా వాడ తోటమాలి నరితాయా తొమెజిరో (1811–1891). కబుకి నటుడు ఇచికావా దంజూరో వంశానికి రంగస్థలం మీద ఉన్న పిలుపు పేరు ‘నరితాయా’నే అతను తన పేరుకు ముందు చేర్చుకున్నాడు.

ఈ వింత మొక్కల్లో బాగా మెచ్చుకున్నవాటికి తరచూ గింజ కట్టదు. అందుకని పెంపకందారులు వాటితోపాటు మొలిచిన మామూలు తోబుట్టువు మొక్కల గింజలు దాచేవారు. మరుసటి ఏడు ఆ గింజలు విత్తి, వచ్చిన నారులోంచి వింత మొలకలను ఏరుకునేవారు. వంశానుగత లక్షణాల గురించి మెండెల్ పరిశోధన 1866లో అచ్చయ్యేనాటికే ఎడో తోటమాలుల చేతుల్లో ఈ పని సాగుతోంది. ఏరిన ప్రతి మొలకనూ విడిగా చూసుకోవాలి, పోటీకి మోసుకెళ్లాలి, కొనేవాడి చేతికి అందించాలి. నేలలో నాటిన తీగతో ఇవేవీ కుదరవు కాబట్టి అసగావోకు కుండీయే ఇల్లయింది.

సందులో పెరడు

కుండీని ఎంచుకోవడానికి కొనేవాళ్ల ఇళ్లు కూడా కారణమే. ఎడో సామాన్యుల్లో చాలామంది ‘నగాయా’ అనే వరస ఇళ్లలో ఉండేవారు. ఒకే కప్పు కింద పక్కపక్కనే గదులుండేవి. పేదల గది సుమారు 2.7 మీటర్ల వెడల్పు, 3.6 మీటర్ల లోతు. వంట, పడక, చేతిపని అన్నీ అందులోనే జరిగేవి. తలుపు తీస్తే ఇరుకు సందు. పాదు తవ్వి, గుంజలు పాతి పందిరి వేసే వీలు అక్కడ లేదు. గడప పక్కన ఒక కుండీ పట్టేంత చోటు మాత్రం ఉండేది.

ఆ కుండీని సందు దాకా తెచ్చేవాడు కావడి మనిషి. భుజం మీది బద్దకు రెండు వైపులా తట్టలు వేలాడదీసి, వాటిలో కుండీలు పేర్చుకుని, పూలు వాడకముందే పొద్దున్నే వీధుల వెంట కేకలు వేస్తూ తిరిగే అసగావో అమ్మకందారు ఎడో వేసవికి గుర్తు. 1860లో ఎడోకు వచ్చిన స్కాట్లాండ్ మొక్కల సేకర్త రాబర్ట్ ఫార్చ్యూన్ అక్కడి నర్సరీల విస్తీర్ణానికి ఆశ్చర్యపోయాడు. సామాన్యుల ఇళ్ల దగ్గర కూడా పూల మొక్కలు కనిపించడం అతన్ని ప్రత్యేకంగా ఆకట్టుకుంది.

చట్రం కట్టే తీరు

అసగావో తీగ వదిలేస్తే 3 మీటర్ల దాకా సాగుతుంది. చిన్న కుండీలో అంత పొడవు కర్ర నిలబెడితే గాలికి కుండీతో సహా పడిపోతుంది. అందోన్ చట్రం ఆ పొడవును చుట్లుగా మడుస్తుంది. 18 సెంటీమీటర్ల వెడల్పున్న వలయం చుట్టుకొలత సుమారు 56 సెంటీమీటర్లు. 3 మీటర్ల తీగ దాని చుట్టూ ఐదుసార్లకు పైగా తిరుగుతుంది. అలా ఆకులూ మొగ్గలూ మోకాలి ఎత్తుకు కాస్త పైగా ఉన్న చట్రంలోనే సర్దుకుంటాయి. కుండీ బరువు కింద ఉంటుంది, తీగ బరువు దాని మీద నాలుగు వైపులా సమంగా పడుతుంది.

జపాన్‌లో కుండీలను ‘గో’ లెక్కన కొలుస్తారు. ఒక గో సుమారు 3 సెంటీమీటర్లు. ఈ పద్ధతికి సాధారణంగా వాడేది 5 గోల కుండీ, అంటే 15 సెంటీమీటర్ల వెడల్పుది. పుల్లల ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. చీల్చిన వెదురు బద్దను లోపలి వైపు గీకి పల్చన చేసి, నునుపైన పైచర్మం బయటికి ఉండేలా మెల్లగా వంచితే విరగకుండా వలయం అవుతుంది. అలాంటి మూడు నాలుగు వలయాలను సమానమైన ఎడంలో పుల్లలకు దారంతో కట్టేస్తారు. వేళ్లు పెరిగాక గుచ్చితే తెగిపోతాయి కాబట్టి మొక్క చిన్నగా ఉన్నప్పుడే పుల్లలు గుచ్చుతారు.

మేలో విత్తిన గింజ నుంచి తీగ సాగడం మొదలయ్యాక రోజూ చేతిపని ఉంటుంది. కొసను కింది వలయం దగ్గర ఏటవాలుగా తిప్పి, ఒక చుట్టు పూర్తయ్యాక పై వలయానికి ఎక్కిస్తారు. ఉదయం నీరు పట్టి బిరుసుగా ఉన్న కాడ విరిగిపోతుంది. ఎండకు కాస్త మెత్తబడిన మధ్యాహ్నం చెప్పినట్టు వంగుతుంది. కొస పై వలయం దాటాక తల తుంచితే కింది నుంచి పక్క కొమ్మలు వచ్చి ఖాళీలు నిండుతాయి.

పందిరి అవసరమే లేకుండా చేసిన పద్ధతి కూడా ఒకటుంది. నగోయా నగరంలో పేరుపడ్డ ‘కిరికోమి-జుకురి’లో తీగను పదేపదే తుంచి, ఊత లేకుండానే పొట్టి మొక్కగా నిలిపి, అరచేతిని మించిన పువ్వులు పూయిస్తారు. అక్కడ తీగను పాకనివ్వరు. అందోన్ పద్ధతిలో తీగ పాకుతుంది, కుండీ దాటి మాత్రం పోదు.

తీగ తిరిగే దిక్కు

అసగావో కొస పైనుంచి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతూ ఊతను వెతుక్కుంటుంది. కాడ మీద కిందికి వాలిన నూగు జారిపోకుండా పట్టు ఇస్తుంది. పెంపకందారు కూడా తీగను అదే దిక్కుకు తిప్పాలి. ఎదురు దిక్కుకు చుడితే కొస మర్నాటికి విడివడి తన దారికి తాను మళ్లుతుంది. నిలువు పుల్లను తీగ తనంతట తానే ఎక్కుతుంది గానీ, అడ్డంగా ఉన్న వలయం వెంట వెళ్లదు. అందుకే అందోన్ చట్రానికి మనిషి చెయ్యి తప్పనిసరి.

ఈ కదలికను ఇంట్లో కుండీల దగ్గర కూర్చుని శాస్త్రీయంగా నమోదు చేసినవాడు చార్లెస్ డార్విన్. 1865లో వెలువడిన అతని వ్యాసం చుట్టుకునే తీగలను, నులితీగలతో పట్టుకునేవాటిని, ఆకులతోనూ కొక్కేలతోనూ వేళ్లతోనూ ఎక్కేవాటిని వేరుచేసి చూపింది. వేడి వాతావరణంలో హాప్ తీగ కొస ఒక చుట్టు తిరగడానికి సుమారు 2 గంటల 8 నిమిషాలు పడుతుందని అతను లెక్కగట్టాడు. ఎడో తోటమాలులు ఇష్టపడ్డ వింతల్లో ఒకటైన ‘షిదారె’, అంటే కిందికి వేలాడే అసగావో, ఈ కథకు ఒక మలుపు తెచ్చింది. అది దేన్నీ చుట్టుకోలేదు. 2005లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి కారణం కనిపెట్టారు. గురుత్వాకర్షణను పసిగట్టే కణాలు దాని కాడలో సరిగా ఏర్పడవు. కిందేదో పైనేదో తెలియని తీగకు చుట్టూ తిరగడం కూడా రాదని అలా తేలింది.

ఇరియా సంత

మెయిజి కాలంలో (1868–1912) అసగావోకు ఇరియా కేంద్రమైంది. పొలాల మధ్య ఉన్న ఆ వాడ మట్టి ఈ మొక్కకు బాగా సరిపోయింది. పూలు విచ్చే వేళకు జనం తెల్లవారుజామునే అక్కడి సంతకు చేరేవారు. దంజూరో నటుల వేషపు రంగును తలపించే ముదురు గోధుమ పువ్వు ‘దంజూరో’ పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. పొలాలు పోయి ఇళ్లు రావడంతో 1913 నాటికి ఇరియాలో పెంపకం ఆగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో టోక్యో కాలి శిథిలమయ్యాక, 1948లో స్థానికులు సంతను మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడది ఏటా జులై 6 నుంచి 8 వరకు, తనబాతను నడుమ పెట్టుకుని, కిషిమోజిన్ గుడి దగ్గర జరుగుతుంది. కిషిమోజిన్ అంటే పిల్లలను కాచే బౌద్ధ దేవత హారీతి. కృష్ణా తీరాన నాగార్జునకొండలో ఆమెకు గుడి ఉండేది. సంతలో కనిపించే కుండీల్లో ఎక్కువభాగం అందోన్ చట్రంతోనే ఉంటాయి. ఒక్కో కుండీలో సాధారణంగా నాలుగు రంగుల మొక్కలు నాటుతారు. నాలుగు తీగలు ఒకే చట్రాన్ని పంచుకుని పూస్తాయి.

బడి కుండీ, పచ్చని తెర

20వ శతాబ్దం చివరికి వెదురు స్థానంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ పూత వేసిన ఉక్కు గొట్టాలు వచ్చాయి. తీగ జారకుండా వాటి మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వలయాలూ ప్లాస్టిక్‌వే. జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలు చాలా బడుల్లో తలా ఒక కుండీలో అసగావో విత్తి, పుల్లలు గుచ్చి, రోజూ నీళ్లు పోస్తారు. వేసవి సెలవులకు ముందు ఆ కుండీని పందిరితో సహా ఇంటికి తీసుకెళ్తారు.

2011 మార్చి భూకంపం తర్వాత కరెంటు పొదుపు అవసరమైనప్పుడు తీగ మొక్కలకు మరో పని పడింది. కిటికీల ముందు వలలు దించి, వాటి మీదికి అసగావోనూ కాకరనూ ఎక్కించి ఎండను ఆపే ‘పచ్చని తెర’ ఇళ్లకూ బడులకూ కార్యాలయాలకూ విస్తరించింది. ఆ వల నిలువుగా వేలాడుతుంది కాబట్టి తీగ దాన్ని చాలావరకు తానే ఎక్కిపోతుంది. అందోన్ చట్రం దగ్గర మాత్రం రోజూ కొస తిప్పే చెయ్యి ఇప్పటికీ కావాలి.

శరదృతువులో తీగ ఎండిపోయాక పిల్లలు గింజలు ఏరి, తర్వాత బడిలో చేరబోయే పిల్లల కోసం దాచిపెడతారు. ఎండిన తీగను చట్రం మీద నుంచి జాగ్రత్తగా విప్పి, చుట్టలుగా చుట్టి, గోడకు తగిలించే అలంకారం చేస్తారు. ఖాళీ అయిన పుల్లలనూ వలయాలనూ కడిగి, మళ్లీ మే నెల వచ్చేదాకా ఒక పక్కన పెడతారు.