పక్షము లేని ప్రతినిధి

మన మెదకు జిల్లాలో నిజాము కాలపు సేత్వారులు ఉర్దూలో వ్రాయబడినవి. తన పొలము లెక్క తానే చదువుకొనలేక రైతు ఒకరి గుమ్మము కడ నిలువవలసివచ్చెడిది. లెక్కలు వ్రాయుటే వృత్తియైన నేను ఆ బాధ నెరుగుదును. కావుననే, నాటి గుంటూరు జిల్లావారైనను, వావిలాల గోపాలకృష్ణయ్యగారిని ఈ సంచికలో స్మరింపదలచితిని.

వారు 1906లో సత్తెనపల్లిలో జన్మించిరి. స్వాతంత్ర్య సమరమున కారాగారవాస మనుభవించిరి. గ్రంథాలయోద్యమమున కృషి సల్పిరి. 1952 మొదలు నాలుగు పర్యాయములు సత్తెనపల్లి ప్రజలు వారిని శాసనసభకు పంపిరి. 1962, 1967 ఎన్నికలలో వారు స్వతంత్రులుగానే నెగ్గిరి. పక్షబలము లేనివాని మాట సభలో చెల్లునా యని మనవారడుగుదురు. చేతులెత్తి లెక్కించు వేళ చెల్లదు, నిజమే. మంత్రిపదవియు రాదు. అయినను ఏ పక్షమునకును చెందనివాడు అన్ని పక్షములవారికిని నిర్భయముగా చెప్పగలడు. ఆ విలువ పదవులలో కొలవరానిదని నా అభిప్రాయము.

1966లో అధికార భాషా చట్టము వచ్చెను. కచేరీలలో మాత్రము ఆంగ్లమే సాగెను. చట్టము వ్రాసినంత సులభముగా గుమాస్తా కలము మరలదు గదా! 1974లో అధికార భాషా సంఘ మేర్పడినప్పుడు తొలి అధ్యక్షులుగా ప్రభుత్వ మాహ్వానించినది ఈ ఒంటరి సభ్యునే. దస్తరము ప్రజల భాషలో నుండవలెనన్న వారి పట్టుదల అట్టిది.

1992లో పద్మభూషణ పురస్కారము లభించెను. 2003లో వారు దివంగతులైరి. మన పాత సేత్వారులను చదువుటకు మాత్రము నేటికిని ఉర్దూ ఎరిగినవారిని వెదకుకొనుచునే యున్నాము.