మాత్రకు లొంగిన క్యాన్సర్ మళ్లీ ఎందుకు తిరగబడుతుంది?

ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఉన్నవారికి జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ వంటి మాత్రలు ఇస్తారు. గడ్డ బాగా తగ్గుతుంది, చాలామందిలో కొన్నాళ్లకు మళ్లీ పెరుగుతుంది. "మందు నకిలీదా, పథ్యం తప్పామా?" అని మా సంఘానికి వచ్చే కుటుంబాలు అడుగుతుంటాయి. సాధారణంగా రెండూ కావు.

2010లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు ఇలాంటి కణాలకు ప్రయోగశాలలో చాలా ఎక్కువ మోతాదులో మందు పెట్టారు. సుమారు 0.3 శాతం బతికాయి. వాటిని కాపాడింది కొత్త జన్యుమార్పు కాదు. డీఎన్ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల మీది రసాయన గుర్తులు మారాయి. ఆ గుర్తులను చెరిపే కేడీఎం5ఏ అనే ఎంజైము అందుకు కావలసి వచ్చింది. పుస్తకం అదే, తెరిచే పేజీలే వేరు. కణాలు దాదాపు పెరగడం మాని మందుకు ఓర్చుకున్నాయి. మందు ఆపి కొన్నాళ్లు పెంచితే తిరిగి లొంగాయి.

ఇది విని ఇంట్లో ఎవరూ మాత్ర ఆపకూడదు. అది గాజుగిన్నెలో పెంచిన కణాల సంగతి.

అలా బతికిన కణాల్లోనే తర్వాత టీ790ఎం వంటి శాశ్వత జన్యుమార్పు పుట్టవచ్చు. దానికి ఆసిమెర్టినిబ్ ఉంది. గడ్డ మళ్లీ పెరిగినప్పుడు డాక్టర్లు ఇంకోసారి బయాప్సీయో రక్తపరీక్షో అడిగేది ఇందుకే. దండగ ఖర్చని మనవాళ్లు వాయిదా వేయవద్దు.