మన మిద్దెలు - మన ముదిమి

2022లో నంద్యాల జిల్లాలో చేరిన మన సంజామల ప్రాంతంలో పూర్వం ఇల్లంటే మిద్దె. రాతిగోడలు, కొయ్య దూలాలు, పైన చౌడుమట్టి, వెలుతురుకు గవాచి. ఎండకు చల్లగా ఉండే ఈ ఇళ్లను మన పెద్దలు ఉమ్మడి కుటుంబం కోసం కట్టారు. ఎత్తైన అరుగు, జానెడు గడప, దూరంగా దొడ్డి. అవ్వకు కాళ్లాడకపోతే చేయి పట్టి నడిపించే మనవడు ఉండేవాడు. ఇంటి కొరతను మనుషులు తీర్చారు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చేనాటికి నేను గుమాస్తాగా ఊరూరా తిరిగేవాడిని. అప్పటికే పిల్లలు చదువులకు, కొలువులకు పట్నాలు పట్టారు. మిద్దెల స్థానంలో సిమెంటు కప్పులు లేచాయి. నేలకు బేతంచెర్ల నునుపు బండలు వచ్చాయి. చూపుకు అందమే గాని, తడిస్తే జారుడుబల్లలే. 2014లో మొదలైన స్వచ్ఛ భారత్‌తో ఇంటింటా మరుగుదొడ్డి వచ్చింది. అయితే మోకాళ్లు అరిగినవారికి గొంతుకూర్చోవడం గండమే.

మిత్రులారా, ఊరు విడవకుండా మన ఇంట మనమే బ్రతకాలంటే ఇంటిని కొంత మార్చుకోక తప్పదు. 2016 జాతీయ భవన నియమావళి ప్రకారం వాలుదారి అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలి. రెండడుగుల అరుగుకు ఇరవైనాలుగడుగులు కావాలి. మన సందుల్లో అది కుదరదు. నడవగలిగినవారు ఆరంగుళాలకు మించని మెట్లు కట్టించి, పక్కన ఇనుప కమ్మి పెట్టించుకోవడం మేలు. మట్టితో కట్టిన గోడలో మేకు నిలవదు కనుక కమ్మిని నేలలో పాతి కాంక్రీటు వేయించాలి. స్నానాలగదిలో నునుపు బండలు తీసి గరుకు బండలు పరిపించాలి. కుర్చీలా కూర్చొనే దొడ్డి అమర్చాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే అడ్డుపడదు. మంచం నుండి దొడ్డి వరకు రాత్రి దీపం ఉండాలి.

కాగితాల మధ్య బ్రతికినవాడిగా మరొక్కమాట. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షను మనకు అండ. బాగోగులు చూడాలనే షరతుతో ఇల్లు రాసిచ్చి, వారు చూడకపోతే ట్రిబ్యునలు ఆ బదిలీని రద్దు చేయవచ్చు. కనుక ఆ షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి.

మన సభ్యుల్లో ఇళ్లు బాగుచేయించుకొన్నవారు ఆ వివరాలు, ఖర్చులు తదుపరి సమావేశంలో చెప్పవలసిందిగా మనవి. ఒకరి అనుభవం మరొకరి తుంటి ఎముకను కాపాడగలదు.