లకోటాలు – నల్లకొండలు

న్యాయస్థానము తమకు ఇప్పించిన కోట్ల ధనమును, దారిద్ర్యమున నుండియు, ముట్టని జాతి యొకటి అమెరికా సంయుక్త రాష్ట్రములలో కలదు. వారు లకోటాలు, సూ జాతీయులలో పశ్చిమ శాఖవారు. వారి నిరాకరణమునకు కారణము తెలియవలెనన్న పందొమ్మిదవ శతాబ్ది చరిత్రమును చూడవలెను.

మిస్సూరీ నదికి పడమటనున్న గడ్డిమైదానములలో లకోటాలు గుఱ్ఱములపై తిరుగుచు అడవిదున్నలను వేటాడి జీవించుచుండిరి. ఆ మృగము మాంసమే వారికి ఆహారము. దాని తోలే గుడారము. ఆ మైదానముల నడుమ, పైన్ వృక్షములచే దూరమునుండి నల్లగా కనబడు కొండలు కలవు. నల్లకొండలనబడు నవి వారికి పవిత్రస్థలములు.

మోంటానా బంగారు గనులకు పోవు తెల్లవారు లకోటాల వేటభూముల గుండ బాట వేసిరి. దాని రక్షణకై సైన్యము 1866లో కోటలు కట్టెను. రెడ్ క్లౌడ్ అను నాయకుడు వారి నెదిర్చెను. ఆ యేటి డిసెంబరు 21వ తేదీన ఫెటర్మన్ సేనానియు, అతని వెంటనున్న వారును, మొత్తము 81 మంది హతులైరి. తుదకు ప్రభుత్వమే కోటలను విడిచి, 1868లో ఫోర్ట్ లారమీ యొద్ద సంధి చేసికొనెను. నల్లకొండలతో కూడిన విశాల ప్రదేశము లకోటాలకును, తక్కిన సూ తెగలకును చెందునని ఆ సంధి నిర్ణయించెను. వయస్సు వచ్చిన పురుషులలో నాలుగింట మూడు పాళ్లవారు సంతకము చేయనిదే అందు ఏ భాగమును ఇచ్చివేయ వలనుపడదనియు వ్రాసికొనిరి.

ఆఱేండ్లు గడిచెను. 1874లో కస్టరు అను సేనాని నల్లకొండలకు దండు నడిపెను. అచట బంగారమున్నదన్న వార్త పొక్కెను. తెల్లవారు గుంపులుగా చొరబడిరి. మఱుసటి యేడు ప్రభుత్వము ఆ కొండలను కొనజూచెను, బేరము కుదరలేదు. 1876 జనవరి నెలాఖరులోగా ప్రభుత్వ ఠాణాలకు వచ్చి చేరనివారు శత్రువులుగా నెంచబడుదురని ఆజ్ఞ పుట్టెను. జూన్ 25వ తేదీన లిటిల్ బిగ్‌హార్న్ నదీతీరమున సిట్టింగ్ బుల్, క్రేజీ హార్స్ మొదలగు నాయకులతో నున్న లకోటాలును, వారి మిత్రులైన షయానులును కస్టరును ఓడించిరి. కస్టరును, 260కి మించిన అతని సైనికులును మడిసిరి.

రణరంగమున జయించినవారిని ఆకలి జయించెను. కొండలను వదలుకొననిదే తిండిగింజలకు ధనమీయమని కాంగ్రెసు సభ శాసించెను. సంతకము చేసినవారు పదింట నొకపాలు మాత్రమే. ఐనను 1877లో కొండలు తీసికొనబడెను. ఆ యేడే క్రేజీ హార్స్ లొంగిపోయి, నిర్బంధమున చంపబడెను. కెనడాకు పోయిన సిట్టింగ్ బుల్ 1881లో తిరిగివచ్చి లొంగెను. ఇంతలో తోళ్ల వర్తకమునకై సాగిన వేటచే దున్నల మందలును నశించెను.

తదుపరి జీవితము రిజర్వేషనులలో. మన దేశమున ఈ మాటకు వేఱర్థము కలదు. అచట అది ఆదిమజాతుల నివాసమునకై హద్దులు గీచిన ప్రదేశము. తిండి సర్కారు వారిచ్చు బత్తెము. కదలవలెనన్న ఏజెంటు సెలవు కావలెను. సూర్యనృత్యము నిషిద్ధమాయెను. 1879లో తెఱచిన కార్లైల్ పాఠశాలకు పోయిన పిల్లల జుట్టు కత్తిరించి, మాతృభాషను మాన్పించిరి. 1889లో ఆ పెద్ద ప్రదేశమును ఆఱు ముక్కలు చేసి, మిగిలిన భూమిని వలసదారులకు తెఱచిరి. 1890 డిసెంబరు 15వ తేదీన సిట్టింగ్ బుల్‌ను బంధింపవచ్చిన పోలీసులు అతనిని కాల్చి చంపిరి. రెండు వారములకు, 29వ తేదీన, ఊండెడ్ నీ యొద్ద సైన్యము 250 మందికి పైగా చంపెను. వారిలో స్త్రీలును, పిల్లలును పెక్కురు.

లకోటాల పోరాటము అంతటితో ముగియలేదు; అది న్యాయస్థానములకు మాఱెను. 1980లో అమెరికా సుప్రీము కోర్టు, కొండలకు సరియైన వెల ఈయకయే ప్రభుత్వము వానిని తీసికొన్నదని అంగీకరించి, వడ్డీతో పదికోట్ల డాలర్లకు మించిన పరిహారమును స్థిరపఱచెను. సూ తెగలవారు దానిని పుచ్చుకొనలేదు. పుచ్చుకొన్నచో కొండలను అమ్మినట్లేయని వారి వాదము. ఆ సొమ్ము వడ్డీతో పెరిగి నేడు వందకోట్ల డాలర్లను దాటినది. ఆకలిచే సంతకము చేయించిన కాగితమును తాతలు ఒప్పుకొనలేదు. ధనమునకు ఆశపడి మనుమలును దానిని ఒప్పుకొనకున్నారు.