లియూ షియావోబో

లియూ షియావోబో (1955–2017): చైనా రచయిత, సాహిత్య విమర్శకుడు, మానవ హక్కుల ఉద్యమకారుడు. జన్మస్థలం చాంగ్‌చున్. 1989లో న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉండగా బీజింగ్‌లో విద్యార్థి ఉద్యమం రాజుకుంది. వెంటనే తిరిగొచ్చి, తియానన్మెన్ కూడలిలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. జూన్ 4 తెల్లవారుజామున సైన్యం చుట్టుముట్టినప్పుడు, అక్కడ దొరికిన తుపాకీని అందరి ఎదుటా విరగ్గొట్టారు. ఆయన సహచరులు సైనికాధికారులతో మాట్లాడి దారి ఇప్పించడంతో, కూడలిలో మిగిలిన విద్యార్థులు ప్రాణాలతో బయటపడ్డారు. ఆయన రాతలన్నిటికన్నా బరువైన ఘట్టం ఇదే.

ప్రజాస్వామ్య సంస్కరణలు కోరిన 'చార్టర్ 08' రూపకల్పనలో పాలుపంచుకున్నందుకు 2009లో 11 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆయనకు దక్కిన 2010 నోబెల్ శాంతి బహుమతి ప్రదానంలో, ఆయన జైల్లో ఉన్నందున, పతకాన్ని, ప్రశంసాపత్రాన్ని ఖాళీ కుర్చీలో ఉంచారు. కాలేయ క్యాన్సర్‌తో 2017 జూలై 13న షెన్‌యాంగ్ ఆసుపత్రిలో, నిర్బంధంలోనే కన్నుమూశారు. చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు. ఏ నేరారోపణా లేకుండానే ఏళ్ల తరబడి గృహనిర్బంధం అనుభవించిన భార్య, కవయిత్రి లియూ షియా 2018లో జర్మనీ చేరుకున్నారు.