కటి భాగానికి రేడియేషన్: పేగును కాపాడుకునేదెలా?

సూరత్: మగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా తదితర ప్రాంతాల్లో తరాలుగా నివసిస్తున్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను నడుపుతోంది. ఆసుపత్రిలో వినిపించేది మాత్రం ఎక్కువగా గుజరాతీ, హిందీ. కటి భాగానికి రేడియేషన్ తీసుకునే రోగులు ఇంటి వద్ద పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నందున, వాటిని మాతృభాషలో తెలుసుకోవడం అవసరం.

దేశంలో మహిళలకు వచ్చే క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రెండో స్థానంలో ఉంది. దీని చికిత్సలో రేడియేషన్‌ది ప్రధాన పాత్ర. సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున సుమారు 5 వారాలు ఇస్తారు. చిన్నపేగు, పురీషనాళం పక్కనే ఉండటం వల్ల వాటిపైనా కిరణాలు పడతాయి. శస్త్రచికిత్సలో గర్భాశయాన్ని తొలగించిన స్త్రీలలో ఆ ఖాళీలోకి చిన్నపేగు జారుతుంది కనుక ముప్పు మరింత ఎక్కువ.

పేగు లోపలి పొర కణాలు వేగంగా విభజన చెందుతాయి. అందుకే రెండు, మూడు వారాలకే విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. చికిత్స ముగిసిన కొన్ని వారాల్లో ఇవి చాలావరకు తగ్గిపోతాయి. అసలు చింత ఆ తరువాతిది. కొందరిలో నెలలకో, ఏళ్లకో సన్నని రక్తనాళాలు దెబ్బతిని, పేగు గోడ గట్టిపడి, మార్గం ఇరుకవుతుంది.

ఈ నష్టాన్ని తగ్గించవచ్చని నిరూపించిన ముఖ్యమైన అధ్యయనం మన దేశంలోనే జరిగింది. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో 2011-2019 మధ్య, గర్భాశయ శస్త్రచికిత్స జరిగిన 300 మంది మహిళలపై 'పార్సర్' పరీక్ష నిర్వహించారు. కొందరికి పాత త్రీడీ పద్ధతిలో, మిగిలినవారికి కిరణాల తీవ్రతను మలచి, చిత్రాలతో స్థానాన్ని సరిచూసుకునే ఐఎంఆర్‌టీ పద్ధతిలో చికిత్స చేశారు. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, మూడేళ్లలో మధ్యస్థ లేదా అంతకు మించిన దీర్ఘకాలిక పేగు సమస్యలు పాత పద్ధతిలో 42.4 శాతం, కొత్త పద్ధతిలో 21.1 శాతం. తీవ్ర సమస్యలు 15.5 శాతం నుంచి 2.9 శాతానికి తగ్గాయి. వ్యాధి నియంత్రణలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చికిత్స ఏ పద్ధతిలో జరుగుతుందో రోగి ముందే అడగడం తప్పేమీ కాదు.

యంత్రం ఎంత మంచిదైనా రోగి చేతిలో ఉన్న పని ఒకటుంది. మూత్రాశయం నిండి ఉంటే అది చిన్నపేగును పైకి, కిరణాల మార్గానికి దూరంగా నెడుతుంది. అందుకే చాలా కేంద్రాల్లో ముందుగా మూత్రవిసర్జన చేయించి, నిర్ణీత పరిమాణంలో నీరు తాగించి, కొంతసేపు ఆగమంటారు. ప్రణాళిక స్కాన్ నాడు మూత్రాశయం ఎంత నిండి ఉందో ప్రతిరోజూ అంతే నిండి ఉండాలి. బస్సు ప్రయాణంలో ఇబ్బంది అవుతుందని నీళ్లు మానేసి వచ్చే స్త్రీలు ఈ రక్షణను కోల్పోతారు. ఇంటివారు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

ఆహారం విషయంలో గంజి, మజ్జిగన్నంతోనే వారాలు గడపనవసరం లేదు. పీచు పూర్తిగా మానాలన్న పాత సలహాకు ఆధారాలు బలంగా లేవు. బ్రిటన్‌లో 2017లో వెలువడిన ఒక పరీక్షలో, అలవాటైన తిండి కొనసాగించినవారికంటే పీచు ఎక్కువగా తీసుకున్నవారికి పేగు ఇబ్బందులు తక్కువగా కనిపించాయి. అయితే విరేచనాలు తీవ్రంగా ఉన్నప్పుడు పోషకాహార నిపుణుల మాటే పాటించాలి. బీడీ, సిగరెట్ మానడం తప్పనిసరి. పొగతాగేవారిలో దీర్ఘకాలిక నష్టం ఎక్కువ.

గుజరాత్‌లో ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి వైద్య రక్షణ పరిమితిని 2023 జులైలో రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. అర్హత ఉన్నవారు చికిత్స మొదలుకాకముందే ఆసుపత్రిలోని పథకం విభాగంలో విచారించుకోవాలి.

చికిత్స ముగిసిన ఏళ్ల తరువాత మలంలో రక్తం పడినా, విరేచనాలు ఆగకపోయినా, కడుపుబ్బరంతో వాంతులైనా, గతంలో రేడియేషన్ తీసుకున్న సంగతి వైద్యునికి మొదటే చెప్పాలి. మొలలుగా పొరబడే అవకాశం ఉంది. పైగా రేడియేషన్ సోకిన పురీషనాళం గోడ నుంచి అనవసరంగా ముక్క తీస్తే గాయం మానకపోవచ్చు. స్వగ్రామానికి తిరిగి వెళ్లే కుటుంబాలు డోసు, తేదీలు ఉన్న చికిత్స సారాంశ పత్రాన్ని వెంట తీసుకువెళ్లాలి.