పాలంపేట

ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలోని గ్రామం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ కట్టించిన రుద్రేశ్వరాలయం శిల్పి పేరిట రామప్ప గుడిగా ప్రసిద్ధి. పునాదిలో ఇసుక నింపారు. శిఖరానికి నీటిపై తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. ఎర్ర ఇసుకరాతి గోడల పక్కన నల్లరాతి మదనికలు నిగనిగలాడతాయి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. అందరి చూపూ గుడి మీదే గానీ, చేరువలోని రామప్ప చెరువూ అంతే చూడదగ్గది. కాకతీయులు తవ్వించిన ఆ చెరువు నేటికీ పొలాలకు నీరిస్తోంది. ములుగు నుంచి వస్తూ జంగాలపల్లి దగ్గర జాతీయ రహదారి వదిలాక, పొలాల మధ్య సాగే దారి సైకిలు తొక్కేవారికి హాయి. వేసవిలో మాత్రం పొద్దున్నే బయలుదేరాలి. వేలాడే వంతెన ఉన్న లక్నవరం చెరువు ఈ జిల్లాలోనే, గోవిందరావుపేట మండలంలో ఉంది.